రూబీ కొట్టిన ఆఖరి లైను

కోటబొమ్మాళి దాటినాక ఓ పల్లెలో బాప్టిస్టు సంఘం వాళ్ళ సమాధుల తోట ఉన్నాది. అక్కడ మూడొందల పైచిలుకు సమాధులకి తెల్లటి టైల్సు అతికించి ఉంటాయి. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద ఒక వాక్యం. అన్నీ మా షాపులో తయారైనవే, అన్నీ బెన్హర్ సేసినవే. మూడో వరసలో ఒక్క సమాధికి మాత్రం టైలు లేదు. అది బెన్హర్ పెళ్ళాం రూబీది.

సూసినవాళ్ళు ఊరుకోరు కదా. "ఊరందరి పేర్లూ రాసినాడు, కట్టుకున్నదాని పేరు రాయలేదేటి" అని నా మొహం మీదే అడిగినారు. అడిగిన ప్రతివాడికీ జవాబు సెప్పుకుంటూ నేను తిరగలేను. అందుకని ఒక్కసారి కూచుని మొత్తం సెప్పేస్తన్నాను. నా పేరు ఝాన్సీలక్ష్మి, శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో మా ప్రింటింగ్ షాపు. నాకు కోపం ఎక్కువ, అది కూడా ముందే సెప్తన్నాను. ఈ సంగతిలో నాకు బెన్హర్ మీద కోపం ఉన్నాది, రూబీ మీద ఉన్నాది, అన్నిటికన్నా నా మీద నాకు ఎక్కువున్నాది.

బెన్హర్ మా షాపుకొచ్చి పద్ధెనిమిదేళ్ళయినాది. వాళ్ళ నాన్న రైల్వేలో గ్యాంగుమేను. వీడు డిగ్రీ మధ్యలో వొదిలేసి, చొక్కా జేబులో ఒక స్క్రూడ్రైవరు పెట్టుకుని వచ్చినాడు. "ఏటొచ్చురా నీకు" అంటే, "పాడైపోనవి బాగుసేస్తానక్కా" అన్నాడు. గొప్పలు పోతన్నాడనుకున్నాను. రెండేళ్ళుగా మూలన పడున్న ప్రింటరుని ఆ మధ్యాన్నమే లేపి కూచోబెట్టినాడు. అప్పట్నించి మెషీన్లు, కంప్యూటర్లు, పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, అన్నీ వాడి సేతిలోనే. పని మధ్యలో టీ ఇస్తే చల్లారిపోయి పైన మీగడ కట్టాల్సిందే. ఏదైనా పనిసేయకపోతే అది పనిసేసేదాకా లేవడు. ఆ గుణం మంచిదేనని నేను శానా ఏళ్ళు అనుకున్నాను.

రూబీ ఆ తరవాతేడు వచ్చినాది. పొందూరు పిల్ల, వాళ్ళమ్మ రాట్నం వడికేది. రూబీ మా దగ్గర తెలుగు టైపుకి సేరినాది. ఆ పిల్ల కొట్టిన కాగితానికి ప్రూఫు సూడక్కర్లేదు. అక్షరం తప్పు పోదు. ఆఖరికి లిస్టు అయిపోయాక ఒక్క ఎంటరు కూడా అదనంగా కొట్టేది కాదు. మనందరం కొడతాం, సెయ్యి దానంతటదే కొట్టేస్తాది. ఆ పిల్ల కొట్టదు. "రూబీ ఫైలు సివర శుభ్రంగా ఉంటాదక్కా, ఖాళీ లైనుండదు" అని బెన్హర్ కస్టమర్ల ముందే మెచ్చుకునేవాడు. ఫైలు సివరని మెచ్చుకున్నోడిని నేను వీడినొక్కణ్ణే సూసినాను. అప్పుడే నాకు తెలిసిపోయింది. రూబీ కూడా ఊరుకోలేదు, "ఏం బావ, టీ తాగవా" అని అందరిముందూ వావి కలిపేసినాది. మరుసటేడు పెళ్ళి.

మొదటి పురిటికి రూబీ పుట్టింటికి ఎల్లినాది, అందరూ ఎల్లినట్టే. పొందూరులోనే ఆడపిల్ల పుట్టినాది. గ్లోరీ అని పేరు పెట్టుకున్నారు. పదకొండు రోజులున్నాది. అక్కడి సంఘం తోటలోనే, గోడవారన, పాపని పెట్టినారు. నాలుగో రోజుకి బెన్హర్ షాపుకొచ్చి బాగానే ఉన్న ప్రింటరుని ముక్కముక్కలు విప్పేసినాడు. ఏటి ఆపద వచ్చిందిరా దానికి అన్నాను. అన్నీ తుడిచి మళ్ళీ బిగించినాడు. ఆ రోజు తరవాత పాప పేరు వాడి నోట నేను వినలేదు. మళ్ళీ పిల్లలు కలగలేదు. ప్రతి ఈస్టరుకీ రూబీ ఒక్కతే కొవ్వొత్తి పట్టుకుని పొందూరు ఎల్లొచ్చేది. "పాప దగ్గరికి ఎల్లొస్తాను బావ" అంటే వీడు కంప్యూటరు కేసి సూసేవాడు. పద్నాలుగేళ్ళు అలాగే సూసినాడు.

రెండేళ్ళ కిందట రూబీకి కిడ్నీలు పాడైనాయి. మా జిల్లాలో ఇది ఎందుకొస్తాదో, ఎవరికొస్తాదో ఎవడికీ తెలీదు. వాళ్ళు ఉండేది ఆ తోట ఉన్న పల్లెలోనే. అక్కణ్ణించి వారానికి రెండుసార్లు బస్సులో తీసుకొచ్చి డయాలసిస్‌కి కూచోబెట్టి, వీడు షాపుకొచ్చి పనిసేసుకుని, మళ్ళీ ఎల్లి తీసుకుపోయేవాడు. సేవ సేయలేదని అనను. ఉప్పు లేని కూర వండినాడు, కాళ్ళు ఒత్తినాడు. కానీ ఆ పిల్ల "నేను పోయాక" అని నోరు తెరిస్తే సాలు, లేచి సెప్పులేసుకుని వీధిలోకి పోయేవాడు. "తగ్గిపోతాదే, ఊరుకో" అనేవాడు. మెషీనేటి, బాగుసేస్తే తగ్గడానికి?

అలాంటప్పుడు వాళ్ళ పాస్టరుగారు, ఇమ్మానుయేలు గారు, ఒక పని తెచ్చినారు. సమాధుల మీద సిమెంటు పేర్లు అరిగిపోతన్నాయి, ఏది ఎవరిదో మనవలకి తెలీడంలేదు, సంఘం రిజిస్టరులో ఉన్న అందరికీ ఈస్టరు నాటికి టైల్సు కావాలన్నారు. ఈస్టరు నాడు తెల్లారకముందే అందరూ కొవ్వొత్తులు పట్టుకుని తోటకి ఎల్లి తమవాళ్ళ సమాధుల దగ్గర పాటలు పాడతారు, అప్పటికి ప్రతి సమాధికీ పేరుండాలని ఆయన కోరిక. రిజిస్టరులో మూడొందల పన్నెండు పేర్లున్నాయి.

"నేను కొడతాను" అన్నాది రూబీ. ఎడంసెయ్యి డయాలసిస్ సూదులకి వాచి ఉన్నాది, దాన్ని కదపడానికి లేదు. కుడిసేత్తో, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని, రోజుకి నాలుగో అయిదో పేర్లు. పేరు, తేదీలు, తోటలో స్థలం, వాక్యం, ఒక్కొక్కరికి ఒక్కో లైను. రెండు నెలలు పైనే పట్టినాది. పాస్టరుగారు రిజిస్టరు తెచ్చి మంచం పక్కన కూచుని సదివితే ఆ పిల్ల కొట్టేది. పని ఉంటే మనసు కుదురుగా ఉంటాదని బెన్హర్ సంతోషపడినాడు. నేనూ సంతోషపడినాను.

ఫైలు షాపుకొచ్చినాది. ఇప్పుడు మూడొందల బొమ్మలు ఒక్కొక్కటీ సేత్తో సేయకుండా, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరుకి బెన్హర్ ఒక స్క్రిప్టు రాసినాడు. స్క్రిప్టంటే మరేం లేదు, కంప్యూటరుకి రాసిచ్చే పనుల చీటీ. లిస్టులోంచి ఒక లైను తియ్యి, పేరు ఇక్కడ పెట్టు, తేదీ అక్కడ పెట్టు, బొమ్మ దాచు, తరవాత లైనుకి పో. ముందు వాడే సొంతంగా పది ఇంగ్లీషు పేర్లు కొట్టి పరీక్ష సేసినాడు. పది టైల్సు బాగానే వచ్చినాయి, పదకొండోది ఖాళీగా వచ్చినాది. అందరిలాగే వాడూ సివర ఎంటరు కొట్టినాడు కదా, ఆ ఖాళీ లైను. "సివరి లైను వొదిలెయ్" అని స్క్రిప్టులో ఒక ముక్క రాసి, ఆ సంగతి మరిసిపోనాడు. ఈ ముక్క మీరు మరిసిపోకండి.

తరవాత రూబీ లిస్టులోంచి మొదటి పది పేర్లు తీసి, సివర ఎప్పట్లాగే ఎంటరు కొట్టి పెట్టినాడు. సూస్తే ఏటున్నాది, అన్నీ బోడి అక్షరాలు. కొమ్ములు లేవు, గుడులు లేవు, వత్తులు లేవు. కృపానిధి గారి పేరు క, ప, న, ధ అని నాలుగు ముక్కలై పడున్నాది.

మా షాపుల్లో తెలుగు ఫాంటులు పాతకాలంవి. తెర మీద తెలుగే కనిపిస్తాది గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. మామూలు అక్షరాలు మామూలు ఇంగ్లీషు మీద కూచుంటాయి. కొమ్ములు, గుడులు, వత్తులు మాత్రం నెత్తిన గీతలు, సుక్కలు ఉన్న పరదేశం అక్షరాల మీద కూచుంటాయి. ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే ఒక్క ముక్క సదవలేం, అంతా పిచ్చిగీతలు. స్క్రిప్టు ఆ ఫైలుని సదివేటప్పుడు నెత్తిన గీతలున్న ప్రతి అక్షరాన్నీ ఎక్కడో పారేస్తన్నాది. ఎక్కడ పారేస్తన్నాదో తెలీదు.

ఇహ వాడు కూచున్నాడు. అదే పేరు సేత్తో కొడితే బాగానే వస్తాది, అంటే ఫాంటు తప్పు కాదు. కాపీ కొట్టి అతికిస్తే బాగానే వస్తాది, అంటే సాఫ్ట్‌వేరు తప్పూ కాదు. స్క్రిప్టులోంచి ఎల్తేనే పడిపోతన్నాయి. ఫాంటు తీసి మళ్ళీ ఎక్కించినాడు. కంప్యూటరు మార్చినాడు. ఒక్కో అక్షరం పంపించి ఏది నిలబడతాది, ఏది పడిపోతాది అని కాగితం మీద పట్టిక గీసినాడు. మూడు వారాలు. ప్రతిసారీ ఆ మొదటి పది పేర్లే. అంతకు మించి కిందకి పోలేదు.

"ఒరే, అతికిస్తే వస్తన్నాయి కదా, సేత్తో అతికించెయ్. నాలుగు రోజుల పని. ఇంటికి పోయి దాని దగ్గర కూచో" అన్నాను.

"వద్దక్కా. ఒంటిసేత్తో అది ఒక్క తప్పు లేకుండా కొట్టినాది. నేను అతికిస్తే ఎక్కడో తప్పు పోతాది. అది కొట్టింది కొట్టినట్టే రావాల" అన్నాడు.

వాడి మాట వాడిదే. ఇంట్లో ఉన్నదానికి మందు లేదని వాడికి తెలుసు. దీనికి ఉంటాదని ఇక్కడ కూచున్నాడు. నాకు అర్థమయినాది, అయినా గట్టిగా లేపి పంపలేదు. సేత్తో అతికించుంటే ఆఖరి లైనుదాకా పోయేవాడు.

ఒక డయాలసిస్ రోజున రూబీ తనే ఆటో ఎక్కి షాపుకొచ్చినాది. మొహం పాలిపోయి ఉన్నాది. బెన్హర్ పేపరు తేవడానికి బయటికి ఎల్లినాడు. పేపరు కట్టల మీద కూచుని, "అక్కా, సివరిదాకా వచ్చినాదా?" అన్నాది.

"ఎక్కడే, ఇంకా మొదట్లోనే ఉన్నాడు" అన్నాను.

"ఇంటికొచ్చిన ప్రతిరోజూ అడుగుతన్నాను. ఇంకా లేదంటాడు." వీధికేసి ఓసారి సూసి, "ఆయనకి ఒక మాట సెప్పాలక్కా. నోటితో సెప్తే లేచెల్లిపోతాడు. అందుకని నాకు సేతనైనట్టు సెప్పినాను. సివరిదాకా వస్తే ఆయనే సూసుకుంటాడు" అన్నాది.

"నీ తరవాత సంగతేనా? నాకు సెప్పు, నేను వాడి సెవిలో ఏస్తాను."

"వద్దక్కా. ఇది ఆయనకే."

కౌంటరు దగ్గర ఎవరో పెళ్ళికార్డు మోడల్సు అడుగుతన్నారు. నేను లేచి ఎల్లినాను. తిరిగొచ్చేసరికి బెన్హర్ వచ్చి ఆ పిల్లని బస్సుకి తీసుకుపోనాడు. ఆ పెళ్ళికార్డు ఎవరిదో కూడా ఇప్పుడు నాకు గుర్తు లేదు.

ఈస్టరుకి ఇంకా అయిదు రోజులున్నాయనగా తప్పు దొరికినాది. ఫాంటులో లేదు, సాఫ్ట్‌వేరులో లేదు. స్క్రిప్టు ఫైలు తలుపు తెరిసేటప్పుడు, లోపలున్నది ఏ కోడులో రాసిందో దానికి ఎవరూ సెప్పలేదు, అది తనకి తోచిన కోడు అనుకుని సదివి, తెలీని అక్షరాలన్నీ పారేసినాది. ముందే సెప్పడానికి ఒక్క లైను సాలు. మూడు వారాలకి ఒక్క లైను. అది రాసి ఎంటరు కొట్టి సేతులు కట్టుకుని కూచున్నాడు. కొమ్ములు, గుడులు, వత్తులు అన్నీ తమ తమ సోట్లకొచ్చి కూచున్నాయి. టైల్సు ఒక్కొక్కటే వస్తా ఉంటే వాడి కళ్ళల్లో నీళ్ళు. లెక్కపెడితే మూడొందల పన్నెండు. రిజిస్టరులో ఎన్నో అన్ని.

ప్రూఫు కాగితాలు పట్టుకుని ఆ సాయంత్రమే వాళ్ళూరు ఎల్లినాం, నేనూ కూడా ఎల్లినాను. రూబీ దిండుకి ఆనుకుని కూచుని ఒక్కొక్క కాగితం తిప్పినాది. అన్నీ సదివినాది. ఆఖరి కాగితం సూసి, దాని ఎనక ఇంకోటి అతుక్కుందేమోనని గోరుతో అంచు గీకి సూసినాది.

"ఇంతేనా బావ?"

"ఇంతే. మూడొందల పన్నెండు. ఒక్కటీ పోలేదు."

"సివరిదాకా సూసినావా?"

"సూసినానే. సివరిదాకా సూసినాను."

రూబీ వాడి మొహంకేసి సూసినాది. "సర్లే" అన్నాది. కాగితాలన్నీ అంచులు కలిపి సర్ది వాడి సేతిలో పెట్టి, "బాగా వచ్చినాయి బావ" అన్నాది.

ఈస్టరు తెల్లవారుజామున తోటలో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని అన్నీ సూసినాదట. పొందూరు మాత్రం ఎల్లలేదు. ఎల్తానని అడగనూలేదు. ఓపిక లేదు కాబోలు అనుకున్నాను నేను. జూన్ నెలలో, తొలకరి పడిన రెండో రోజున పోనాది. పాస్టరుగారు "ఇక్కడేనా బెన్హర్?" అంటే "ఇక్కడే" అన్నాడు. మూడో వరసలో బెన్హర్ వాళ్ళ నాన్న పక్కన పెట్టినారు.

నలభై ఒకటో రోజు జ్ఞాపకార్థ కూడికకి టైలు కావాలి. బెన్హర్ కంప్యూటరు ముందు గంటసేపు కూచుని లేచిపోనాడు. "నా సేత్తో కొట్టలేనక్కా. నువ్వు కొట్టు" అన్నాడు. సరే, లిస్టు సివర రూబీ పేరు ఎక్కిద్దామని, తెలుగు ఫాంటు పెట్టి ఫైలు తెరిచి కిందకి పోనాను. అక్కడ రూబీ పేరు ముందే ఉన్నాది.

మూడొందల పదమూడో లైను. రూబీ, భర్త బెన్హర్. పుట్టిన తేదీ ఉన్నాది. పోయిన తేదీ ఖాళీ. స్థలం అన్న సోట: పొందూరు తోట, పాప గ్లోరీ పక్కన. వాక్యం ఉండాల్సిన సోట వాక్యం లేదు. "ఏటీ అనుకోకు బావ, అక్కడ పాప ఒక్కతే ఉన్నాది" అని ఉన్నాది. దాని తరవాత ఎంటరు లేదు.

నేను బెన్హర్‌ని పిలిసినాను. సదివినాడు. ఏడవలేదు. కుర్చీ లాక్కుని స్క్రిప్టు తెరిచి, "సివరి లైను వొదిలెయ్" అని తను రాసిన ముక్క మీద వేలు పెట్టి నాకు సూపించినాడు. మెషీనులో ఏ పళ్ళచక్రం అరిగిందో సెప్పినట్టు, మెల్లిగా సెప్పినాడు. "ఖాళీ లైననుకుని వొదిలెయ్యమన్నానక్కా. అది సివర ఖాళీ లైను ఉంచదని ఊరందరికీ సెప్పినోణ్ణి నేనే. అది ఈ లైను కొట్టకపోయుంటే పేర్లు ఒకటి తగ్గేవి, అప్పుడే దొరికిపోయేది. కొట్టినాది కాబట్టే లెక్క సరిపోనాది." వేలు తీసేసినాడు. "నేను సూసి తీసేసినాననుకున్నాదక్కా. అడిగింది వద్దన్నాననుకుని పోనాది."

సమాధి మార్చడానికి కాగితాలు పెట్టుకుంటే అవుతాదేమో అడగరా అన్నాను. పాస్టరుగారు సాయం సేస్తానన్నారు. పొందూరు నించి రూబీ తమ్ముడు మాత్రం, "పడుకున్నదాన్ని లేపొద్దు బావ" అని ఒక్కమాట అన్నాడు. దానికి బెన్హర్ తల ఊపినాడు. తరవాత తనే కూచుని, ఆ వొదిలెయ్ అన్న ముక్క తీసేసి, పోయిన తేదీ ఎక్కించి, ఆ ఒక్క లైనుకే స్క్రిప్టు నడిపించినాడు. ఒకే ఒక్క టైలు వచ్చినాది. దాన్ని తువ్వాల్లో సుట్టుకుని పొందూరు బస్సెక్కినాడు. పద్నాలుగేళ్ళ తరవాత పాప దగ్గరికి అదే ఎల్లడం. గోడవారన సిన్న సమాధి పక్కన సిమెంటు కలిపి అతికించి వచ్చినాడు. మూడో వరసలో దానికి పెట్టలేదు. "ఎక్కడుంటానన్నాదో అక్కడే పేరుండాలక్కా" అన్నాడు. అందుకే అక్కడ టైలు లేదు. అడిగినవాళ్ళకి ఇదే జవాబు.

ఇప్పుడూ షాపుకొస్తన్నాడు. పని సేస్తన్నాడు. ఏ లిస్టొచ్చినా ముందు అడుగుకి పోయి సివరి లైను సదివి, అప్పుడు మొదలెడతాడు. ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోయాక పొందూరు ఎల్లొస్తాడు.

మొన్నొకరోజు టీ తాగుతా అడిగినాడు. "ఆ రోజు ప్రూఫులు సూసి 'సర్లే' అన్నాది కదక్కా. నువ్వు పక్కనే ఉన్నావు. నేను దాని మొహం సరిగ్గా సూడలేదు, కాగితాలు సూస్తన్నాను. కోపంగా అన్నాదా?"

"లేదురా. నవ్వుతూనే అన్నాది" అని సెప్పినాను.

వాడు టీ వేడిగా ఉండగానే తాగేసి పనిలోకి ఎల్లినాడు. రూబీ నవ్వలేదు. నేను సూసినాను.